గోడలోని ఇంధనం: శీతల గదుల శాండ్‌విచ్ ప్యానెళ్లు, మన సిఫారసులలో లోపించిన అగ్ని భద్రత

2023 నవంబర్ 19వ తేదీ అర్ధరాత్రి వేళ విశాఖపట్నం చేపల రేవులో ఒక మరపడవపై మంట లేచింది. తెల్లవారేసరికి సుమారు 40 పడవలు కాలిపోవడమో, దెబ్బతినడమో జరిగింది. ఆ రాత్రి మంట ఎలా పుట్టిందన్న విషయంపై పత్రికలలో చర్చ చాలా నడిచింది. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఒక పడవలో పుట్టిన మంట నలభై పడవలకు ఎలా పాకింది? పడవలు ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచి ఉన్నాయి. ప్రతి పడవలోను డీజిల్, వంట గ్యాసు, కాలే పదార్థాలు ఉన్నాయి. నడుమ మంటను ఆపగల ఖాళీ లేదు. నిప్పు పుట్టడం ఒక ప్రమాదం. అది వ్యాపించడం మాత్రం మన అమరిక ఫలితం.

ఈ వ్యాసం పడవలను గురించి కాదు. అదే రేవులో దిగిన చేపలు, ఉత్తర కోస్తా చెరువులలో పట్టిన రొయ్యలు ఆ తరువాత చేరే భవనాలను గురించి. ప్రాసెసింగ్ ప్లాంట్లు, శీతల గిడ్డంగులు, ప్యాక్‌హౌస్‌లు, పుట్టగొడుగుల గదులు, వాతావరణ నియంత్రణ గల కోళ్ల షెడ్లు నేడు ఎక్కువగా శాండ్‌విచ్ ప్యానెళ్లతో నిర్మితమవుతున్నాయి. వీటిని ప్రోత్సహిస్తున్నవారిలో మనమూ ఉన్నాము. విస్తరణ శాస్త్రవేత్తలుగా పథక నివేదికలు తయారుచేయిస్తున్నాము, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు సలహా ఇస్తున్నాము, శిక్షణ తరగతులలో నమూనాలు చూపిస్తున్నాము. అయితే ప్యానెల్ ఎంపికలో మనం ఉష్ణవాహకతను అడుగుతున్నాము, సాంద్రతను అడుగుతున్నాము, మందాన్ని అడుగుతున్నాము. దహన స్వభావాన్ని మాత్రం అడగడం లేదు. ఈ లోపాన్ని సరిదిద్దుకోవలసిన బాధ్యత ప్రధానంగా మనదేనని, దానిని అగ్నిమాపక శాఖకో, గుత్తేదారుకో వదిలివేయరాదని ఈ రచయిత అభిప్రాయం.

కొంతకాలం క్రితం విద్యార్థులతో కలిసి ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటును సందర్శించినప్పుడు, ఒక విద్యార్థిని అక్కడి మేనేజరును "ఈ గోడ లోపల ఏముంది సార్?" అని అడిగింది. "పఫ్ అమ్మా, నలభై డెన్సిటీ" అని ఆయన గర్వంగా చెప్పారు. "మంటకు ఎంతసేపు ఆగుతుంది?" అన్నది రెండవ ప్రశ్న. ఆయన రేకును వేళ్లతో తట్టి, "స్టీలే కదమ్మా" అన్నారు. ఆ సమాధానంలో అబద్ధం లేదు. సమస్య అంతా ఆ సమాధానంలోనే ఉంది.

ప్యానెల్ నిర్మాణం

శాండ్‌విచ్ ప్యానెల్ అంటే రెండు పలుచని లోహపు రేకుల నడుమ తేలికైన ఉష్ణనిరోధక పదార్థాన్ని అతికించిన పలక. రేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరు. నడుమ ఉండే పదార్థాన్ని 'కోర్' అంటారు. మన ప్రాంతంలో వాడుకలో ఉన్న కోర్‌లు ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది, థర్మోకోల్‌గా అందరికీ తెలిసిన విస్తరిత పాలిస్టైరీన్. రెండవది, వ్యాపారులు 'పఫ్' అని పిలిచే పాలీయురెథేన్ నురుగు. మూడవది, దానికి సన్నిహితమైన పాలీఐసోసయనురేట్, అంటే పీఐఆర్. నాలుగవది, రాతిని లేదా లోహపు చిట్టెమును కరిగించి పోగులుగా తీసిన రాక్‌వూల్, స్లాగ్‌వూల్ వంటి ఖనిజ ఉన్ని.

మొదటి మూడూ పెట్రోలియం ఆధారిత సేంద్రియ పదార్థాలు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు తీసిన సంఘటన విశాఖ వాసులు మరువలేనిది. ఆ స్టైరీన్ నుంచే పాలిస్టైరీన్, దాని నుంచే థర్మోకోల్ తయారవుతాయి. పూర్తయిన థర్మోకోల్ పలక ఆ ద్రవం వలె ప్రమాదకరం కాదన్నది నిజమే. కాని తెల్లగా, తేలికగా, అమాయకంగా కనిపించే ఆ పలక పుట్టుక ఏమిటో, మండినప్పుడు దాని స్వభావం ఏమిటో తెలుసుకోవడానికి ఈ నగరానికి వేరే పాఠం అవసరం లేదు.

థర్మోకోల్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తబడి, ఆపై కరిగి కారిపోతుంది. కారిన ద్రవం మండుతూ క్రింద పడితే కొత్త మంటలు లేస్తాయి. పాలీయురెథేన్ కరగదు, కాని వేడికి విచ్ఛిన్నమై మండే వాయువులను విడుదల చేస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. పీఐఆర్ కాలినప్పుడు పైన బొగ్గు పొర ఏర్పడి మంట లోపలికి చొచ్చుకుపోవడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. అయినా అది కాలని పదార్థం కాదు. ఖనిజ ఉన్ని మాత్రమే మంటకు ఇంధనం కాదు. రాక్‌వూల్ పోగులు కరగాలంటే 1,000 డిగ్రీలు దాటాలి.

మంట గోడ లోపల నడుస్తుంది

ఇటుక గోడకు, శాండ్‌విచ్ ప్యానెల్ గోడకు అగ్ని ప్రవర్తనలో ఉన్న భేదాన్ని విద్యార్థులు స్పష్టంగా గ్రహించాలి. ఇటుక గోడ గదిలోని మంటను గదిలోనే ఉంచుతుంది. కోర్ మండే స్వభావం గల ప్యానెల్ గోడ మంటకు దారి అవుతుంది.

రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు చిన్న మంటలు కోర్‌ను అంటుకోవు. మేనేజరు తట్టి చూపిన ధైర్యం అంతవరకు సరైనదే. కాని వేడి పెరిగినకొద్దీ రేకును కోర్‌కు అతికించిన బంధం విడిపోతుంది. రేకు వంకరపోయి అతుకులు విచ్చుకుంటాయి. అప్పుడు లోపలి కోర్‌కు గాలి అందుతుంది. మంట ఇకపై రెండు రేకుల నడుమ, ముఖ్యంగా పైకప్పు ప్యానెళ్లలో, బయటికి కనిపించకుండా ప్రయాణిస్తుంది. అగ్నిమాపక సిబ్బంది చల్లిన నీరు రేకుపై పడి జారిపోతుంది; మంటను చేరదు. ఒక గదిలో మంట ఆరిందనుకునే సమయానికి నలభై అడుగుల అవతల మరొక గదిలో పైకప్పు నుంచి పొగ దిగుతుంది. కోర్ కాలి బలం కోల్పోయిన పైకప్పు హెచ్చరిక లేకుండా కూలుతుంది.

నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది? మన ప్లాంట్లలో అందుకు అవకాశాలు తక్కువేమీ కావు. ప్యానెల్‌కు రంధ్రం చేసి తొడుగు లేకుండా లాగిన విద్యుత్ తీగలు, శీతల గది తలుపు గడ్డకట్టకుండా చట్రంలో అమర్చిన హీటర్లు, మంచు కరిగించే కాయిళ్లు, గోడను ఆనుకొని పేర్చిన అట్టపెట్టెలు, ప్యానెల్ పక్కనే ఛార్జింగ్ పెట్టిన ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలు ఇందులో కొన్ని. అన్నిటికంటె ముఖ్యమైనవి మరమ్మతుల వేళ జరిగే వెల్డింగ్, గ్రైండింగ్ పనులు. సముద్రతీరం కావడంతో విశాఖలో మరొక కారణం కూడా తోడవుతుంది. ఉప్పుగాలికి రేకు అంచులు, స్క్రూలు, విద్యుత్ పెట్టెలు త్వరగా తుప్పుపడతాయి. తుప్పుపట్టిన అతుకు కోర్‌ను బయటపెడుతుంది, తుప్పుపట్టిన విద్యుత్ కనెక్షన్ వేడెక్కుతుంది. రెండూ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో వివరించనక్కరలేదు.

ఇతరులు చెల్లించిన మూల్యం

వ్యవసాయ ఉత్పత్తుల భవనాలలో ఈ ప్రమాదం కొత్తది కాదు. 1993లో ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌లో సన్ వ్యాలీ కోళ్ల ప్రాసెసింగ్ కర్మాగారంలో రేగిన మంటల్లో ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. ఆహార కర్మాగారాలలోని శాండ్‌విచ్ ప్యానెళ్లపై ఆ దేశంలో తీవ్రమైన చర్చకు అది నాంది పలికింది. అయినా 2007 నవంబర్ 2న వార్విక్‌షైర్‌లోని ఆథర్‌స్టన్-ఆన్-స్టవర్ గ్రామంలో ఒక కూరగాయల ప్యాకింగ్ గిడ్డంగి కాలినప్పుడు నలుగురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారు వెళ్లినది రసాయనాల కర్మాగారానికి కాదు, కూరగాయలు సర్దే షెడ్డుకు.

దక్షిణ కొరియాలోని ఇచియోన్ నగర అనుభవం మరింత విషాదకరమైనది. 2008 జనవరి 7న అక్కడ పూర్తికావస్తున్న ఒక శీతల గిడ్డంగిలో మంటలు చెలరేగి 40 మంది కార్మికులు మరణించారు. 12 సంవత్సరాల తరువాత, 2020 ఏప్రిల్ 29న, అదే నగరంలో నిర్మాణంలో ఉన్న మరొక గిడ్డంగిలో 38 మంది మరణించారు. రెండు చోట్లా యురెథేన్ నురుగు ఉంది. ఆ తరువాతనే ఆ దేశం చట్టాన్ని సవరించి, 2021 చివరి నుంచి శాండ్‌విచ్ ప్యానెళ్ల కోర్ సులభంగా కాలని తరగతికి చెంది ఉండాలని నిర్దేశించింది.

మన ప్లాంట్లకు అతి దగ్గరగా పోల్చదగినది చైనాలోని జీలిన్ రాష్ట్రపు సంఘటన. 2013 జూన్ 3న దెహుయ్ పట్టణ పరిధిలోని ఒక కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంటులో తెల్లవారి షిఫ్టు మొదలైన కొద్దిసేపటికి మంటలు లేచాయి. 120 మందికి పైగా కార్మికులు మరణించారు. విద్యుత్ లోపంతో పుట్టిన మంట, పాలీయురెథేన్, పాలిస్టైరీన్ ఉష్ణనిరోధకాల ద్వారా వేగంగా వ్యాపించింది. శీతలీకరణ అమ్మోనియా వెలువడింది. కొన్ని తలుపులకు తాళాలు ఉన్నాయి. తలపై టోపీ, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకొని వరుసగా నిలిచి రొయ్యల తలలు ఒలిచే మన మహిళా కార్మికులను చూసినవారెవరూ ఆ వార్తను దూరదేశపు వార్తగా చదవలేరు. ఆ ప్లాంటులో ఉన్నవన్నీ మన దగ్గరా ఉన్నాయి: నురుగు కోర్, అమ్మోనియా, కిటికీలు లేని హాళ్లు, దూర ప్రాంతాల నుంచి వచ్చి భవన దారులు సరిగా తెలియని కార్మికులు.

ఈ రంగం పరిమాణం కూడా గమనార్హం. 2023-24లో మన దేశం సుమారు 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 60,500 కోట్ల రూపాయలకు పైగా ఆర్జించింది. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలదే. ఆ రొయ్యలలో ఆంధ్రప్రదేశ్ వాటా అగ్రస్థానంలో ఉంది. ఈ ఆదాయం మొత్తం ఏదో ఒక దశలో శీతల గది గోడల నడుమ నుంచే వెళుతుంది.

ఒక చిన్న లెక్క

తరగతి గదిలో విద్యార్థులచేత చేయించదగిన లెక్క ఒకటి ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల ఒక శీతల గదిని తీసుకుందాము. నాలుగు గోడల వైశాల్యం 300 చదరపు మీటర్లు, పైకప్పు 200 చదరపు మీటర్లు, మొత్తం 500. ప్యానెల్ మందం 100 మిల్లీమీటర్లు, పఫ్ సాంద్రత ఘనమీటరుకు 40 కిలోలు అయితే, ఆ గది గోడలలో 2,000 కిలోల నురుగు ఉన్నట్లు. కిలోకు సుమారు 25 మెగాజౌళ్ల దహనోష్ణం చొప్పున అది 50,000 మెగాజౌళ్లు. ఇదే శక్తి డీజిల్ రూపంలో కావాలంటే దాదాపు 1,400 లీటర్లు కావాలి, అంటే ఏడు డ్రమ్ములు.

ఒక రైతు సంఘం తన శీతల గది చుట్టూ ఏడు డ్రమ్ముల డీజిల్ నిలవచేస్తామని పథక నివేదిక ఇస్తే మనలో ఎవరైనా సంతకం చేస్తామా? కనీసం వంద ప్రశ్నలు అడుగుతాము. అదే ఇంధనం తెల్లని రేకుల నడుమ ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగడం లేదు. కోర్ మొత్తం ఒకేసారి మండదు, రేకు కొంత రక్షణ ఇస్తుంది. ఆ తేడాను అంగీకరించాలి. అయినా ఇంధనం ఉందన్న వాస్తవం మారదు.

ఇప్పుడు రెండవ లెక్క. పఫ్ ఉష్ణవాహకత మీటర్-కెల్విన్‌కు సుమారు 0.023 వాట్లు, ఖనిజ ఉన్నిది సుమారు 0.040. అంటే 100 మిల్లీమీటర్ల పఫ్ ఇచ్చే ఉష్ణనిరోధం కోసం దాదాపు 175 మిల్లీమీటర్ల ఖనిజ ఉన్ని కావాలి. దాని సాంద్రత ఘనమీటరుకు 100 కిలోలనుకుంటే, రెండు రేకుల బరువుతో కలిపి చదరపు మీటరు పఫ్ ప్యానెల్ దాదాపు 12 కిలోలు తూగుతుంది, ఖనిజ ఉన్ని ప్యానెల్ 25 కిలోలు తూగుతుంది. ఆధారపు ఉక్కు చట్రం బలంగా ఉండాలి, ఖర్చు పెరుగుతుంది. అంతేకాక, ఖనిజ ఉన్నిలోకి తేమ ప్రవేశిస్తే ఉష్ణనిరోధం పడిపోతుంది. బయట విశాఖ ఉక్కపోత, లోపల మైనస్ 20 డిగ్రీలు ఉన్న గదిలో ఆవిరి ఎప్పుడూ లోపలికే తోసుకువస్తుంది. అందువలన "పఫ్‌ను నిషేధించి అంతటా రాక్‌వూల్ వాడండి" అని చెప్పడం తేలిక. ఆచరణలో అది సరైన సిఫారసు కాదు.

ఏమి చేయవచ్చు?

సరైన సిఫారసు ఏ గదికి ఏ కోర్ అన్న వివేచనలో ఉంది. మైనస్ ఉష్ణోగ్రతల నిలవ గదులకు నురుగు కోర్ అనివార్యమైతే, పరీక్షా ధ్రువపత్రం గల పీఐఆర్‌ను ఎంచుకోవాలి. యంత్రాల గది, విద్యుత్ ప్యానెల్ గది, బాయిలర్, బట్టలు మార్చుకునే గది, అట్టపెట్టెల గిడ్డంగి వంటి చోట్ల ఉష్ణనిరోధం అంత కీలకం కాదు. మంట పుట్టే అవకాశం అక్కడే ఎక్కువ. వాటి చుట్టూ ఇటుక గోడ లేదా ఖనిజ ఉన్ని ప్యానెల్ మాత్రమే ఉండాలి. మనుషులు గుంపుగా పనిచేసే హాళ్లలో థర్మోకోల్ కోర్ ప్యానెళ్లను సిఫారసు చేయరాదు.

రెండవది విభజన. చేపల రేవులో లేనిది ఇదే. భవనాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగం నడుమ కాలని గోడను నేల నుంచి పైకప్పు దాటి పైకి లేపాలి. పైకప్పు ప్యానెల్ ఆ గోడ మీదుగా ఎడతెగకుండా సాగితే గోడ నిష్ప్రయోజనం. మంట గోడపై నుంచి కోర్ లోపలే దాటిపోతుంది. నిర్మాణ పర్యవేక్షణకు వెళ్లినప్పుడు విస్తరణ అధికారి నిచ్చెన ఎక్కి చూడవలసిన ఒక్క విషయం ఉంటే, అది ఇదే.

మూడవది రంధ్రాలు. ప్యానెల్ గుండా పోయే ప్రతి తీగ, గొట్టం లోహపు తొడుగులో ఉండాలి. చుట్టూ ఉన్న సందును అగ్నినిరోధక పూతతో మూయాలి. మన దగ్గర సాధారణంగా ఆ సందులను డబ్బాలోని నురుగును చిమ్మి మూస్తారు. అది చలిని ఆపుతుంది, నిప్పును ఆపదు.

నాలుగవది వేడి పనులు. ప్యానెల్ కోయడానికి, వెల్డింగుకు వ్రాతపూర్వక అనుమతి, పక్కన నీటి గొట్టం లేదా అగ్నిమాపక సిలిండరు, పని ముగిసిన తరువాత కనీసం ఒక గంట కాపలా ఉండాలి. నిప్పురవ్వ కోర్‌లో పడితే అది వెంటనే మంటగా కనిపించదు. పనివాడు భోజనానికి వెళ్లిన తరువాత కనిపిస్తుంది.

ఐదవది మనుషులు. తలుపులు బయటికి తెరుచుకోవాలి. పని వేళల్లో ఏ తలుపుకూ తాళం ఉండరాదు. సరుకు దొంగతనం భయంతో తాళం వేసే అలవాటుకు సమాధానం కెమెరా, కాపలాదారు, తాళం కాదు. రాత్రి షిఫ్టుతో సహా ప్రతి షిఫ్టుకు తప్పించుకునే దారుల అభ్యాసం జరగాలి. ఒడియా మాట్లాడే కార్మికులు ఉంటే ఆ భాషలో జరగాలి. భవనం ముఖద్వారం వద్ద 'ఈ భవనంలోని ప్యానెళ్ల కోర్: ఫలానా' అని స్పష్టంగా వ్రాసి ఉంచాలి. మంటలార్పడానికి వచ్చినవారు లోపలికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఆ ఒక్క పంక్తిపై ఆధారపడవచ్చు.

'ఫైర్ రిటార్డెంట్' అన్న ముద్ర విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆ రసాయనం కలిపిన నురుగు అగ్గిపుల్ల వంటి చిన్న మంటకు సులభంగా అంటుకోదు. పెద్ద మంట చుట్టుముట్టినప్పుడు అది కూడా మండుతుంది. కాబట్టి కొనుగోలుదారు అడగవలసినది ఆ మాటను కాదు, ఏ ప్రమాణం ప్రకారం, ఏ పరీక్షలో, ఎంత ఫలితం వచ్చిందన్న పత్రాన్ని. కాలని పదార్థమా కాదా అని తేల్చే పరీక్షకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3808 ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లోని నాలుగవ భాగం అగ్ని, ప్రాణ భద్రతలకే కేటాయించబడింది. శీతల గిడ్డంగుల ఉష్ణనిరోధానికి సంబంధించిన ఐ.ఎస్. 661ను మనం తరగతులలో బోధిస్తున్నాము. ఈ మూడింటిని ఒకేసారి, ఒకే పాఠంలో బోధించడమే మనం చేయవలసిన పని.

ఉక్కు నగరం ఇవ్వగలిగినది

ఖనిజ ఉన్ని ఖరీదైనది, దూరం నుంచి తేవలసినది అన్న అభ్యంతరానికి విశాఖలోనే ఒక సమాధానం ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, తీగ చుట్టలు వంటి పొడవైన ఉత్పత్తులను తయారుచేస్తుంది. ప్యానెళ్లకు కావలసిన పలుచని రేకు అక్కడ తయారు కాదు. కాని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి ఇనుముతో పాటు చిట్టెము పుష్కలంగా వెలువడుతుంది. మన దేశంలోని ఫర్నేసులలో ఒక టన్ను ద్రవ ఇనుముకు దాదాపు 300 నుంచి 400 కిలోల చిట్టెము రావడం సాధారణం. అందులో అధికభాగం సిమెంటు తయారీకి వెళుతుంది. అదే చిట్టెమును కరిగించి, వేగంగా తిరిగే చక్రాలపై పోసి పోగులుగా తీస్తే స్లాగ్‌వూల్ అవుతుంది. ప్రపంచంలో ఒక శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్న విద్య ఇది.

రొయ్యల చెరువులు, ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఒకే జిల్లాకు చుట్టుపక్కల ఉన్నప్పుడు, ఈ ప్రాంతపు శీతల గదులకు ఈ ప్రాంతపు చిట్టెముతోనే కాలని కోర్‌ను తయారుచేయడం పరిశోధించదగిన అంశం. కోస్తా తేమలో దాని ఉష్ణనిరోధం ఎంతకాలం నిలుస్తుంది, ఎటువంటి ఆవిరి నిరోధక పొర అవసరం, గాలి వేగానికి ప్యానెల్ చట్రం ఎలా ఉండాలి అన్నవి వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థుల పరిశోధనా వ్యాసాలకు తగిన ప్రశ్నలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తరువాత ఈ నగరంలో షెడ్డు కట్టే ప్రతివారూ గాలిని గురించి ఆలోచించడం నేర్చుకున్నారు. నిప్పును గురించి అదే స్థాయిలో ఆలోచించడానికి మరొక విపత్తు కోసం ఎదురుచూడనవసరం లేదు.

ఇదే సందర్భంలో మన పరిశోధకులకు మరొక మనవి. చెరకు పిప్పి, వరిగడ్డి, కొబ్బరి పీచుతో పర్యావరణహిత ప్యానెళ్లను రూపొందించే ప్రయత్నాలు ప్రశంసనీయమైనవి. అనకాపల్లి చెరకు ప్రాంతానికి అవి అదనపు ఆదాయం కూడా ఇవ్వగలవు. కాని గడ్డి కాలుతుంది. పర్యావరణహితమన్న ముద్ర నిప్పును ఆపదు. అటువంటి ప్యానెళ్ల ఫలితాలను ప్రచురించేటప్పుడు ఉష్ణవాహకత, బలం, నీటి శోషణ పట్టికల సరసన దహన పరీక్ష పట్టిక కూడా ఉండాలి. అది లేని వ్యాసాన్ని సమీక్షకులు తిప్పి పంపడం అన్యాయం కాబోదు.

బాధ్యత ఎవరిది?

ఇంతవరకు చెప్పినదానికి వచ్చే అభ్యంతరాలు రెండు. మొదటిది ఖర్చు. నిజమే, కాలని గోడలు, విభజనలు నిర్మాణ వ్యయాన్ని పెంచుతాయి. అయితే శీతల గిడ్డంగులకు ప్రభుత్వ పథకాల ద్వారా సాధారణ ప్రాంతాలలో ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం వరకు రాయితీ లభిస్తోంది. ప్రజాధనంతో నిర్మించే భవనంలో విద్యుత్ ఆదాకు షరతులు విధించగలిగినప్పుడు, ప్రాణాలను కాపాడే గోడకు షరతు విధించడం అధికమేమీ కాదు. పైగా అందులో నిలవ ఉండేది యజమాని సరుకు మాత్రమే కాదు. గుంటూరు మిర్చి రైతు, దుగ్గిరాల పసుపు రైతు, అనకాపల్లి బెల్లం రైతు మంచి ధర కోసం దాచుకున్న పంట అది. గిడ్డంగి కాలితే యజమానికి భవన బీమా వస్తుందేమో. రసీదు చేతపట్టుకొని నిలిచిన రైతుకు ఏమి వస్తుందన్నది ఆ రసీదు వెనుక ఉన్న సన్నని అక్షరాలపై ఆధారపడుతుంది.

రెండవ అభ్యంతరం, ఇది మన పని కాదన్నది. అగ్నిమాపక శాఖ భవనం పూర్తయిన తరువాత వస్తుంది. గుత్తేదారు ఎవరు ఏది అడిగితే అది అమర్చుతాడు. బ్యాంకు అధికారి మనం వ్రాసిన సాంకేతిక వివరణనే ఆధారంగా తీసుకుంటాడు. ఏ కోర్ అన్న నిర్ణయం జరిగే సమయంలో రైతు సంఘం అధ్యక్షుడి పక్కన కూర్చునేది విస్తరణ శాస్త్రవేత్త ఒక్కరే. గోడ లేచిన తరువాత కోర్‌ను మార్చలేము. అందుకే ఈ ప్రశ్న అడగవలసిన వేళ, వ్యక్తి రెండూ మనమే.

కనుక మూడు పనులు వెంటనే చేపట్టవచ్చు. మనం తయారుచేసే ప్రతి నమూనా పథక నివేదికలో కోర్ రకం, దహన పరీక్ష ప్రమాణం, విభజన గోడల స్థానం అనే మూడు గడులను చేర్చాలి. పంట కోత అనంతర సాంకేతికతపై ఇచ్చే ప్రతి శిక్షణలో ఒక పూటను అగ్ని వ్యాప్తికి కేటాయించి, స్థానిక అగ్నిమాపక అధికారిని ఆహ్వానించాలి. ఇప్పటికే నిర్మితమైన గదులకు కోర్‌ను మార్చలేకపోయినా, రంధ్రాలు మూయడం, అట్టపెట్టెలను దూరం జరపడం, తాళాలు తీయించడం, ద్వారం వద్ద పలక పెట్టించడం వంటి చిన్న పనులను క్షేత్ర సందర్శనలలో సరిచూసే పట్టికలో చేర్చాలి. వీటిలో దేనికీ కొత్త నిధులు అవసరం లేదు.

ఆ విద్యార్థిని అడిగిన రెండవ ప్రశ్నకు ఆనాడు సమాధానం దొరకలేదు. మేనేజరు వద్దనే కాదు, వెంట వెళ్లిన ఈ అధ్యాపకుని వద్ద కూడా లేదు. ఆ ప్లాంటుకు సాంకేతిక సలహా ఇచ్చినవారు ఎవరో అడగడానికి కూడా సంకోచం కలిగింది, ఎందుకంటే ఆ సలహా మనలో ఎవరిదైనా కావచ్చు. ఇకపై మన సంతకంతో వెళ్లే ప్రతి కాగితంలో ఆ సమాధానం ముందుగానే వ్రాసి ఉండాలి.